పక్కన ఉన్నట్టు లెక్క

కళ్ళు మూయకూడదు. ఈ పూట మార్కుకి అప్పజెప్పిన పని అదొక్కటే. స్టీరింగు తిప్పనక్కర్లేదు, గేరు మార్చనక్కర్లేదు, బ్రేకు తొక్కనక్కర్లేదు, అవన్నీ కుడిపక్క సీట్లో నిటారుగా కూర్చున్న కూతురు స్తుతి చూసుకుంటోంది. ఎడమ సీట్లో ఈయన కళ్ళు రెండూ తెరుచుకుని కూర్చుంటే చాలు, సారపాక నుంచి కొత్తగూడెం దాకా. వినడానికి ఎంత సుఖంగా ఉంది! రాత్రంతా మిల్లులో కాగితం మిషను పక్కన నిలబడి, పొద్దున్నే షిఫ్టు దిగి, మొహాన నాలుగు దోసిళ్ళు నీళ్ళు కొట్టుకుని, చొక్కా మార్చుకుని వచ్చి కూలబడ్డ మనిషికి ఇంతకంటే గడ్డు పని ఎవరూ పెట్టలేరు. కూర్చోగానే సీటు వీపుని పట్టేసుకుంది. ఊరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా జామాయిల్ తోటలు, ఆ చెట్ల సందుల్లోంచి ఎండ వస్తూ పోతూ, వస్తూ పోతూ, రెప్పల మీద ఎవరో మెత్తగా జోకొడుతున్నట్టు. వద్దు, అటు చూడకు, రోడ్డు చూడు. ముందు ఆర్టీసీ బస్సు, దాని వెనక తమ బండి, మధ్యలో దూరం బాగానే ఉంచుతోంది పిల్ల, మంచిది. మూడో గేరులోంచి నాలుగుకి వేసింది, కాస్త గీరుమంది, పర్లేదు, పాత మారుతి, దాని గొంతే అంత. పదిన్నరకి డ్రైవింగు టెస్టు. నేర్చుకునేవాళ్ళకిచ్చే ఎల్లెల్లార్ గడువు ఈ వారంతో సరి, ఇవాళ తప్పితే మళ్ళీ మొదట్నుంచి దరఖాస్తు, మళ్ళీ ఎదురుచూపు. సెలవు పెడదామా అంటే ఉన్న సెలవులన్నీ ఎప్పుడో అయిపోయాయి. అందుకని ఇలా, నిద్రని జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

మామూలుగా అయితే ఓ కునుకు తీస్తే ఎవరికేం నష్టం? కానీ నిర్మలాదేవి ఆ దారి కూడా మూసేసింది. ఏన్కూరులో మిర్చి రైతు చెంచురామయ్య గారి భార్య ఆవిడ. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి అక్కడ పొలాలు కొనుక్కున్నారు. మార్కు భార్య మరియది కూడా ఏన్కూరే. అందుకని చెంచురామయ్య తన పాత మారుతి అమ్మజూపితే వీళ్ళే వెళ్ళి తెచ్చుకున్నారు. మొగుడు బండి అమ్మాడు, పెళ్ళాం ఆ బండికే ఇన్సూరెన్సు చేసింది, ఆవిడ ఏజెంటు మరి. ఒక్క వరండాలో రెండు బేరాలు. మజ్జిగ ఇచ్చి, కుర్చీ దగ్గరకు జరుపుకుని, బడిపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది: "మా ఊరి అల్లుడివి కాబట్టి విడమరిచి చెబుతున్నా మార్కూ. ఎల్లెల్లార్ ఉన్న పిల్ల నడపొచ్చు, బీమా వర్తిస్తుంది. కాకపోతే లైసెన్సున్న మనిషి పక్క సీట్లో ఉండాలి. పక్కన అంటే సంచీ పెట్టినట్టు కాదు. అవసరమొస్తే బండి ఆపగలిగేట్టు ఉండాలి. నువ్వు నిద్రపోయావనుకో, లేనట్టే లెక్క." మార్కు కాస్త బేరమాడాడు. "జర కునుకు తీస్తే గూడానా అమ్మా?" "కునుకైనా గురకైనా ఒకటే" అంది నిర్మలాదేవి. వెనక నిలబడ్డ స్తుతి ఆ మాటకి నవ్వలేదు, తల ఊపింది. అప్పుడే అనుకున్నాడు, ఈ పిల్ల ఈ మాటని పట్టుకుని కూర్చుంటుందని. ఏ మాటైనా అంతే దీనికి, చెవిన పడిందంటే ఇనప్పెట్టెలో పడ్డట్టే.

ఇన్సూరెన్సు అయింది, ఇక బోర్డు. ముందూ వెనకా ఎర్ర టేపుతో ఎల్ అక్షరం స్తుతే అంటించింది, స్కేలు పెట్టి మరీ. ఆదివారం ఆ బండేసుకుని గుడికి వెళ్తే సంఘపెద్ద షాలేమ్‌రాజు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఏందే మార్కూ, బండి మీద లూకా పేరు రాపిచ్చినవ్? నీ పేరుండంగ పక్క సువార్తాయన పేరెందుకు?" అన్నాడు. నవ్వులాటకి కాదు, నిజంగానే అడిగాడు పాపం. ఎల్ అంటే లూకా అనే ఆయన లెక్క. మార్కు తర్వాత వచ్చేది లూకాయే గద, ఎనకాల నుంచి తరుముతుండు అని మార్కు సర్ది చెప్పాడు. అప్పట్నుంచి బజార్లో పిల్లలందరికీ ఇది లూకా బండే. పైగా పాస్టరుగారు ప్రార్థన చేయడానికి బానెట్టు మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోగానే లోపల ఎవరో బ్లోయరు నొక్కారు. చెంచురామయ్య ఎన్నేళ్ళు మిర్చి బస్తాలు మోయించాడో ఈ బండితో, గాలి వచ్చే సందుల నిండా కారమే. ఆమేన్ బదులు అందరూ తుమ్మారు. అవును, బ్లోయరు! మార్కు చెయ్యి చాచి నొక్కాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక తుమ్ము, రెండో తుమ్ము, కళ్ళలో నీళ్ళు, ఆహా, ప్రపంచం మళ్ళీ కనపడింది. "డాడీ, బంద్ చేయ్, నాకొస్తున్నయ్ తుమ్ములు" అంది స్తుతి రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. ఆపేశాడు. ఆపిన కాసేపటికే మళ్ళీ ఆ మెత్తదనం మెడ వెనక నుంచి పాక్కుంటూ వచ్చింది.

నిద్రొస్తే స్తోత్రాలు చెప్పుకో, ఒక్కో మనిషిని తలుచుకుని ఒక్కోటి, అని గుమ్మంలో నిలబడి చెప్పింది మరియ. ఆమెకు మాత్రం తెలియదా మొగుడి సంగతి? సంవత్సరాంతపు ఆరాధనలో సంఘమంతా లేచి నిలబడి వెయ్యి స్తుతులు చెప్తారు, పాస్టరుగారు ఒకటి చదవడం, అందరూ స్తోత్రం అనడం. ఆ వెయ్యిలో మూడొందలు దాటి మార్కు మెలకువగా ఉన్న చరిత్ర లేదు. నిలబడే నిద్రపోతాడు, మిల్లులో పట్టుబడ్డ విద్య అది. అయినా సరే, మొదలుపెట్టాడు, పెదవులు మాత్రం కదిలిస్తూ. మిర్చి ఘాటుకి స్తోత్రం. మజ్జిగ ఇచ్చి నిజం చెప్పిన నిర్మలాదేవికి స్తోత్రం. బండి ఇస్తూ స్టెప్నీ టైరు కొత్తది వేయించి ఇచ్చిన చెంచురామయ్యకి స్తోత్రం, అడక్కుండా వేయించాడు, ఆడపిల్ల నడిపే బండి అన్నాడు. రామ్‌సింగుకి స్తోత్రం. ఎక్కడున్నాడో రామ్‌సింగ్, తండా నుంచి వచ్చి మిల్లు కాంట్రాక్టరు దగ్గర ట్రాక్టరు తోలేవాడు, ఎండాకాలం గోదావరి ఇసుకలో తనకి డ్రైవింగు నేర్పినవాడు. పక్కన మడ్‌గార్డు మీద కూర్చుని, గేరు తప్పు పడితే మోకాలి మీద కంది కట్టెతో టక్కుమనిపించేవాడు. ఒక్కరోజు డబ్బులు తీసుకోలేదు, ఒక్కరోజు మెచ్చుకోలేదు. ఆ కట్టె ఇవాళ చేతిలో ఉంటే తన మోకాలి మీద తనే కొట్టుకునేవాడు. రామ్‌సింగుకి ఇంకో స్తోత్రం.

మొరంపల్లి బంజర దాటింది బండి. ఎడ్లబండి అడ్డం వస్తే స్తుతి ముందే చూసి నెమ్మదించింది, హారను కొట్టలేదు, ఎడ్లు బెదురుతాయని. ఎవరు చెప్పారు దీనికి? తను చెప్పలేదే. సెల్లులో సిగ్నలు పోయింది, ఇక అడవి. ఈ దారిలో ఎన్నిసార్లు పోయారు తనూ మరియా, సోమవారం ఒకసారి, ఇంట్లో బేస్తారం అనుకునే గురువారం ఒకసారి, ఖమ్మం దవాఖానాకి. మూత్రపిండాలు రెండూ పనికిరాకుండా పోయాయి మరియకి, వారానికి రెండుసార్లు మిషను మీద రక్తం శుభ్రం చేయించాలి. మొదట్లో బస్సే. పోయేటప్పుడు సరే, వచ్చేటప్పుడు చూడాలి ఆమెని, పిండేసిన బట్టలా కిటికీ ఊచకి తల ఆనించి, గుంత వచ్చినప్పుడల్లా తల ఊచకి కొట్టుకుని, అయినా అరవదు, కండక్టరు చిల్లర కోసం లేపితే నవ్వుతుంది. అందుకే కారు కొందామనుకున్నాడు. కానీ నైటు డ్యూటీ దిగొచ్చి తను స్టీరింగు పట్టుకుంటానంటే మరియ ఎక్కనంది. "నువ్వు నిద్రపోయి నన్ను సంపుతవ్, మిషను మీద బతికి నీ బండిల సావాల్నా?" అంది. నవ్వుతూనే అంది, ఒప్పుకోలేదు మాత్రం. మళ్ళీ బస్సు, మళ్ళీ ఆ ఊచ. అప్పుడు డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో తల్లిని చూసుకుంటున్న స్తుతి, కూరగాయలు తరుగుతూ, "నేను నేర్చుకుంట" అంది. అంతే, ఇంకేం అనలేదు, తరగడం కూడా ఆపలేదు. స్తుతికి స్తోత్రం. పేరు పెట్టిన మరియ తల్లికి కూడా, ముసలమ్మ ఎంత ముందుచూపుతో పెట్టిందో.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. టెస్టు పాసవుతుందా లేదా అన్నది కాదు మార్కు భయం. పిల్ల శుభ్రంగా నడుపుతుంది, పాసవుతుంది. పాసైతే ఏమిటి అన్నదే. చేతికి లైసెన్సు వచ్చాక ఇన్సూరెన్సుకి పక్కన మనిషితో పనిలేదు, బోర్డు పీకేస్తారు, ఈ ఎడమ సీటు ఖాళీ. వెనక సీట్లో దుప్పటి కప్పుకుని మరియ, ముందు ఈ ఒక్క పిల్ల, ఈ అడవి దాటి ఖమ్మం దాకా, చీకటి పడేలోపు వెనక్కి. పంపగలడా తను? కాగితం ఇచ్చే ఆఫీసరు చూసేది వెనక్కి నడపడం వచ్చా, ఎనిమిది ఆకారంలో తిప్పడం వచ్చా అనే గానీ, పక్కన ఎవరూ లేనప్పుడు ఈ పిల్ల ఎలా ఉంటుందో ఆయనేం చూస్తాడు? తనకి మాత్రం ఏం తెలుసు? పక్కన తను ఉన్నప్పుడే కదా చూశాడు ఇన్నాళ్ళూ. పక్కన లేనప్పుడు చూడాలంటే పక్కన ఉండకూడదు, ఉండకపోతే చూడలేడు, ఆలోచన గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతోంది, తిరిగే కొద్దీ రెప్పలు బరువెక్కుతున్నాయి.

తమ్ముడు సుకుమార్ కూడా బాగానే నడిపేవాడు. ఈ మిల్లుకే జామాయిల్ లోడు తోలేవాడు, ఈ రోడ్డు మీదే. ఊళ్ళో వాడంత చక్కగా లారీ రివర్సు కొట్టేవాడు లేడు. రెండు రాత్రులు వరసగా తోలి, మూడో తెల్లవారుజామున, ఇంకో గంటలో ఇల్లనగా, కళ్ళు మూతపడ్డాయి. పక్కన క్లీనరు కూడా నిద్రలోనే ఉన్నాడు. లోడున్న లారీ మద్దిచెట్టుకి తగిలింది. క్లీనరు బతికాడు, సుకుమార్ లేడు. ఓనరు ఆ యేడు ఇన్సూరెన్సు కట్టడం మర్చిపోయాడట, మరదలు ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది, చివరికి మిల్లు క్యాంటీన్లో గిన్నెలు తోముతోంది. స్తుతిని మొట్టమొదటి రోజు స్టీరింగు ముందు కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాడు మార్కు, చెప్పి, "ఇన్సూరెన్స్ లేకుంట బండి కదిలియ్యద్దు బిడ్డా, మీ చిన్నాయన మీద ఒట్టు" అన్నాడు. అప్పుడు కూడా తలే ఊపింది. ఆ మద్దిచెట్టు ఇక్కడే ఎక్కడో, ఈ మలుపో తర్వాతదో, ఎప్పుడూ దణ్ణం పెట్టినట్టు తల వంచుతాడు అక్కడ, ఇవాళ తల వంచకూడదు, వంచితే లేవదు. క్లీనరు బతికినందుకు స్తోత్రం. మరదలికి క్యాంటీన్లో పని దొరికినందుకు స్తోత్రం. ఇంజను చప్పుడు ఒకే తీరున సాగుతోంది, నాలుగో గేరు, తారు రోడ్డు, ఎండ వస్తూ పోతూ. ఎండకి స్తోత్రం, చెట్లకి, చెట్లకి, చెట్లు మిల్లుకి, మిల్లు కాగితానికి, కాగితం తెల్లగా సాగిపోతోంది రోలరు మీద, రోడ్డంత వెడల్పున, దాని మీద సుకుమార్ కూర్చుని కాళ్ళాడిస్తున్నాడు, లుంగీ, మెళ్ళో తువ్వాలు. ఏంరా, అన్నం తిన్నవా అంటే తిన్న అన్నా అంటున్నాడు. బండి ఎవరు తోలుతుండ్రు మరి? అంటే వాడు కుడిపక్కకి చూసి మన పిల్లే గదన్నా అంటున్నాడు. మన పిల్లే. అయితే సరే. స్తోత్రం. మరియ తల ఊచకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టాడు, తల బరువుగా, వెచ్చగా, చేతిలోకి, స్తోత్రం, స్తో...

నిశ్శబ్దం! మార్కు ఉలిక్కిపడి లేచాడు. "కాగితం తెగింది! ఆపు, ఆపు, తెగింది!" అని అరిచాడు. మిల్లులో పనిచేసేవాళ్ళ రోగం ఇది. ఎంత రొద ఉన్నా నిద్రపోగలరు గానీ రొద ఆగిందా, గుండెలదిరి లేస్తారు, ఎందుకంటే మిషను ఆగిందంటే ఎక్కడో కాగితం తెగినట్టు. చేతులు గాలిలో రోలరు కోసం వెతికి డాష్‌బోర్డుకి తగిలాయి. మిషను లేదు. షెడ్డు లేదు. అద్దం ముందు ఆకులు, ఆకుల మధ్య ఏదో పిట్ట ఒకటే కూత. బండి రోడ్డు దిగి, మట్టి అంచున, చక్కగా రోడ్డుకి సమంగా నిలబడి ఉంది. ఇంజను ఆపేసి ఉంది. పార్కింగు లైట్లు టిక్కుటిక్కుమంటున్నాయి. కుడి పక్క సీట్లో స్తుతి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, గుళ్ళో కూర్చున్నట్టు కూర్చుని ఉంది.

"ఏమైంది బిడ్డా? ఎవలకన్న తగిలిందా?"

"ఎవలకు తగల్లే. నువ్వు నిద్రపోయినవ్."

గడియారం చూసుకున్నాడు. "ఎంతసేపైంది? లేపద్దా? టెస్టు పోతది గద!"

"లేపిన డాడీ. మూడుసార్లు లేపిన. లేపినప్పుడల్లా స్తోత్రం అంటున్నవ్, మల్ల పంటున్నవ్. ఇగ నాకే పాపమనిపిచ్చింది."

"మరి పోనియ్యాలె గదనే! నేను పంటే ఏంది, రోడ్డు ఖాళీయే, నీకు నడుపుడు రాదా?"

స్తుతి అతని వైపు తిరిగింది. కోపంగా కాదు, పెద్దవాళ్ళు చిన్నపిల్లల వైపు తిరిగినట్టు. "నువ్వు నిద్రపోతే నా పక్కన ఎవలు లేనట్టు లెక్క. ఎవలు లేకుంటె బండికి ఇన్సూరెన్స్ లేదు. ఇన్సూరెన్స్ లేకుంట కదిలియ్యద్దని చిన్నాయన మీద ఒట్టేపిచ్చుకున్నవ్. అందుకే ఆపిన. అవతల మలుపుంది, ఆడ ఆపితే ఎనకొచ్చే లారీలకు కనపడదని ఈడ ఆపిన."

"టెస్టు?"

"పోతే పోతది. మల్ల ఎల్లెల్లార్ తీసుకుంట. ఇంకో ఆర్నెల్లు నీ గురక వింట."

మార్కు తల తిప్పి ఖాళీ రోడ్డు కేసి చూశాడు. అడవిలో, ఎవరూ చూడని చోట, తండ్రి పక్కన ఉండి లేని వేళ, టెస్టుకంటే ముఖ్యమైనది తనకింకేదీ లేదని తెలిసిన రోజున, ఈ పిల్ల బండి ఆపింది. పోనిచ్చి ఉంటే ఎవరికి తెలిసేది? కొత్తగూడెంలో కళ్ళు తెరిచి, అరె వచ్చేసినమా అనుకుని, సంతోషంగా దిగేవాడు. ఆ తెల్లవారుజామున సుకుమార్ ఒక్క పావుగంట ఆపి ఉంటే చాలు కదా, తన నిద్రకి తను ఆగి ఉంటే చాలు కదా. ఇది ఇంకొకళ్ళ నిద్రకి ఆగింది. ఏడుపు వచ్చింది మార్కుకి, దాచుకోలేదు, దాచుకోవాలనిపించలేదు. మరియ దగ్గర కూడా ఎప్పుడూ ఇలా ఏడవలేదు. సీటు బెల్టుకే కళ్ళు తుడుచుకున్నాడు. స్తుతి నీళ్ళ సీసా మూత తీసి అందించింది. "దిగి మొహం కడుక్కో. మంచిగ కడుక్కో, ఊరికె తడుపుకొని రాకు."

దిగి కడుక్కున్నాడు. నీళ్ళు చల్లగా మెడ మీంచి చొక్కాలోకి దిగాయి. ఎండుటాకుల వాసన, దూరంగా ఎక్కడో గొడ్డలి చప్పుడు, ఇప్పుడు అన్నీ విడివిడిగా, స్పష్టంగా ఉన్నాయి. అరగంట నిద్ర ఎంత చేసింది! ఇప్పుడు బయల్దేరితే టెస్టుకి అందుకోవచ్చు కూడా, ఆఖర్న నిలబడితే. అందకపోయినా ఫర్వాలేదు అనిపించింది, ఆ మాట మనస్ఫూర్తిగా అనిపించింది, అందుకు తనకే ఆశ్చర్యం వేసింది. వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు.

"ఈ బేస్తారం మీ అమ్మను నువ్వే తీస్కపో ఖమ్మం. నేను రాను. ఇంట్ల పండుకుంట."

స్తుతి తాళం తిప్పబోతూ ఆగింది. పెదవి బిగపట్టుకుని రెండుసార్లు కళ్ళార్పింది, అంతే, తల్లి పోలిక, బయటపడదు. "లైసెన్స్ రానియ్ డాడీ ముందు" అంది. "రాకుంటె బేస్తారం గూడ నువ్వు రావాల్సిందే."

"అవ్ అవ్, వస్త."

"పూరా లేచినవా?"

"లేచిన."

"నా దిక్కు చూడు."

చూశాడు. ఆమె అతని కళ్ళలోకి వంగి, ఒకదాని తర్వాత ఒకటి, ఆఫీసరులా పరీక్షగా చూసింది. తృప్తిపడ్డాక ఇంజను స్టార్టు చేసి, కుడి ఇండికేటరు వేసి, అద్దంలో చూసుకుని, ముందూ వెనకా ఒక్క పురుగైనా లేని ఆ రోడ్డు మీదికి చెయ్యి బయటపెట్టి, వస్తున్నానని సైగ చేసి, బండి ఎక్కించింది.